గొలుసు వెళ్ళిన ఇళ్ళు

సోమవారం మధ్యాహ్నం మొగలిమేరక హైస్కూలు వరండాలో రెండొందల పదిమంది పిల్లలు కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. రత్నం మొదటి కంచంలో అన్నం పెట్టి రెండో కంచం మీదికి వంగిందో లేదో, పేరెంట్స్ కమిటీ చైర్మన్ ముత్యాలరాజు మోటారుసైకిలు దిగి మెట్లెక్కాడు.

"ఆగవే రత్నం. ఆ గరిటె కింద పెట్టు."

గరిటె నిండా అన్నం ఉంది. కింద పెడితే నేలపాలు, కంచంలో పెడితే తిట్లు. ఏం చెయ్యాలో తెలియక అలాగే చేత్తో పట్టుకుని నిలబడింది. తొమ్మిదేళ్ళుగా ఆ బడిలో వండి వడ్డిస్తున్న మనిషి. ఏ పిల్లాడికి కారం పడదో, ఏ పిల్ల ఇంటి దగ్గర పొద్దున్నే ఏమీ తినకుండా వస్తుందో ఆవిడకి తెలుసు.

"మీ షైనీకి గవదబిళ్ళలు వచ్చేయా లేదా?"

"వచ్చేయండి. పదకొండో తారీకున వచ్చేయండి. తగ్గిపోయేయి కూడానండి."

"పన్నెండు నించీ ఊళ్ళో ఎనిమిదిమంది పిల్లలకి బుగ్గలు బూరెల్లా పొంగేయి. ఇంట్లో రోగం పెట్టుకుని బడికొచ్చి వండుతావా? ఇంక నువ్వు రావక్కర్లేదు."

హెడ్మాస్టరు నారాయణమూర్తి గది లోంచి గబగబా వచ్చాడు. మంచివాడే పాపం. ఆయనకి కోపం రాదు, ధైర్యం కూడా రాదు. "శుక్రవారం మీటింగు పెట్టుకుందాం రాజుగారూ, అందరూ కూర్చుని తేలుద్దాం. అందాకా రత్నం రాకుండా ఉంటుంది," అన్నాడు. అలా చెప్పి ఇద్దరికీ న్యాయం చేశానని కూడా అనుకున్నాడు.

రత్నం గరిటె తీసుకెళ్ళి గుండిగలో వంచి, చేతులు కడుక్కుంది. ఏడవలేదు. కూర అడుగంటకుండా పొయ్యి తగ్గించి మరీ వెళ్ళింది. ఊరి బయటి దళితపేటలో ఆ ఇంటికి వచ్చే ఆదాయం ఆ వంట ఒక్కటే. మొగుడు పోయి ఆరేళ్ళయింది, షైనీ ఏడో తరగతి చదువుతోంది.

సైన్సు చెప్పే మెర్సీ మేడమ్ స్తంభం పక్కనే ఉండి ఇదంతా చూసింది. ఒక్కరోజు తేడాలో గవదలు అంటవని ఆవిడకి తెలుసు. అంటాక బుగ్గ వాచాలంటే రెండు వారాల పైన పడుతుంది. ఆ ఒక్క మాట అంటే అక్కడికక్కడే తేలిపోయేది. కానీ నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో ఆవిడ మనసుకి తెలుసు, సిగ్గుతో చచ్చిపోయింది.

*

మంగళవారం తొమ్మిదో తరగతిలో పాఠం సూక్ష్మజీవుల గురించి. మెర్సీ పుస్తకం తెరిచి, మళ్ళీ మూసేసింది.

"మీ ఇళ్ళలో మామ్మలకి, తాతయ్యలకి జబ్బ మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంటుంది, చూశారా?"

"ఆయ్!" అన్నారు పిల్లలంతా. మా మామ్మకి రెండున్నాయంటే మా తాతకి మూడున్నాయని పోటీ పడ్డారు.

"అవి మశూచి టీకా మచ్చలు. మీ చేతులకి ఎందుకు లేవో తెలుసా? ఇప్పుడు మశూచే లేదు కాబట్టి. మనుషులకొచ్చే రోగాల్లో, అంతా ఒక్కమాట మీద నిలబడి ఈ భూమి మీంచి తరిమేసింది అదొక్కటే." పాలు పితికే ఆడవాళ్ళకి మశూచి సోకదని గమనించిన వైద్యుడి కథ చెప్పింది. టీకా పేరెత్తితే జనం పశువుల పాకల్లో దాక్కున్న రోజులు చెప్పింది. తరవాత, "రోగాన్ని ఆయుధంగా వాడినవాళ్ళు కూడా ఉన్నారర్రా," అంది.

పిల్లలు బెంచీల మీంచి ముందుకి వంగారు.

"రెండొందల అరవయ్యేళ్ళ కిందట అమెరికాలో ఇంగ్లీషువాళ్ళ కోట ఒకటుండేది. ఆ నేల మీద మొదటినించీ ఉన్న జనం దాన్ని చుట్టుముట్టారు. మాట్లాడదామని ఇద్దరు పెద్దలు కోటలోకి వెళ్ళారు. కోటవాళ్ళు మర్యాద చేసి, రెండు దుప్పట్లు, ఒక చేతిరుమాలు కానుకగా ఇచ్చి పంపారు. అవి మశూచి ఆసుపత్రిలో రోగుల దగ్గర్నించి తీసినవి."

"ఛీ ఛీ," అన్నాడు వెనక బెంచీలోంచి ఎవడో.

నాగదుర్గ చెయ్యెత్తింది. చేనేతవాళ్ళ పిల్ల. బండారులంక నించి వచ్చి స్థిరపడిన కుటుంబం. ప్రశ్న అడిగిందంటే జవాబు వచ్చేదాకా కూర్చోదు. "మేడమ్, తెలిసి ఇచ్చినా, తెలీక ఇచ్చినా, రోగం ఒకలాగే వస్తదాండి?"

"రోగానికి ఇచ్చినవాళ్ళ మనసుతో పనేముందమ్మా?"

"మరైతే పెద్దమ్మగారి గొలుసండి?"

ఆ గొలుసు సంగతి మొగలిమేరకలో తెలియనివాళ్ళు లేరు. ఊరందరికీ పెద్దమ్మగారైన ముత్యాలరాజు తల్లి భవానీదేవి దగ్గర పాతకాలం చంద్రహారం ఉంది. గవదలొస్తే మెడలో బంగారు గొలుసు వెయ్యడం చుట్టుపక్కల అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. ఈ ఊళ్ళో ఇంకో మెట్టెక్కారు. రోగం ఉన్న పిల్లాడి మెడలోంచి తీసి, వేడి ఆరకుండా బాగున్న పిల్లాడి మెడలో ఒక పూట వేస్తే వాడికసలు గవదలే రావట. కడగకూడదు, పెట్టెలో పెట్టకూడదు, మెడ మీంచి మెడ మీదికే వెళ్ళాలి. కడిగితే గుణం పోతుందట. ఆవిడ పైసా పుచ్చుకోదు, అడిగినవాళ్ళకి లేదనదు. ఆ గొలుసు ఇవ్వడమే ఆవిడకి పూజా పుణ్యమూ.

జూలై ఆరో తారీకున ఆ గొలుసు మెర్సీ కొడుకు ఎబినేజర్ మెడలో పడింది. అత్తగారు కృపావతి, తను బడిలో ఉండగా వాణ్ణి తీసుకెళ్ళి వేయించింది. పదిహేడో రోజుకి వాడి బుగ్గ వాచింది. అప్పుడు మళ్ళీ గొలుసు వచ్చి నాలుగు రోజులు తన ఇంట్లోనే ఉంది. ఈసారి తెచ్చింది అత్తగారు కాదు, మెర్సీయే. రాత్రంతా పిల్లాడు మూలుగుతుంటే తల్లి ప్రాణం ఆగలేదు, తెల్లారగానే వెళ్ళి అడిగింది. "ఎవరికీ చెప్పకండి పెద్దమ్మగారూ, సైన్సు టీచర్ని," అని బతిమాలింది. తన బడికి మాత్రం పిల్లాడికి వైరల్ జ్వరమని సెలవు చీటీ రాసింది. వాడు వేరే ఊళ్ళో ప్రైవేటు బడిలో చదువుతాడు కాబట్టి సరిపోయింది.

'ఇప్పుడు పాఠం కాదు, కూర్చో' అంటే నాగదుర్గ కూర్చునేదే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"నువ్వన్నది నిజమో కాదో నాకు తెలీదు. తెలుసుకునే దారి ఉంది," అంది మెర్సీ చివరికి. లండన్లో కలరా వచ్చినప్పుడు ఒక డాక్టరు ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ పంపు నీళ్ళు తాగారో అడిగి, చావులన్నీ ఒక్క పంపు చుట్టూ ఉన్నాయని తేల్చిన సంగతి చెప్పింది. "ఆయన ఎవర్నీ తిట్టలేదు. అడిగాడు, రాసుకున్నాడు. మీరు అడగ్గలరా?"

ముప్ఫైరెండు చేతులు లేచాయి.

*

బుధవారం సాయంత్రం బడి వదిలాక పిల్లలు వీధులు పంచుకుని బయల్దేరారు. బుగ్గ ఏ రోజున వాచింది? గొలుసు వేయించారా? ఎప్పుడు, ఎవరి మెడలోంచి తీసి? టీకాలేం వేయించారు? ఈ నాలుగే అడగాలి, అయిదోది అడగకూడదని మెర్సీ షరతు పెట్టింది. కొందరు మజ్జిగిచ్చి చెప్పారు, కొందరు కుక్కని వదిలినంత పని చేశారు. పేటలోకి వెళ్ళినవాళ్ళు అరగంటలో తిరిగొచ్చేశారు. షైనీకి తప్ప పేటలో ఇంకెవరికీ గవదలు రానేలేదు.

గురువారం నాగదుర్గ ఇంటి దగ్గర్నించి గ్రాఫు కాగితం తెచ్చింది. చీర అంచుకి బుటాలు గీసుకోవడానికి వాళ్ళ నాన్న వాడే పెద్ద కాగితం, సన్నసన్న గళ్ళు. నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు సుద్దముక్కల డబ్బాలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. అడ్డంగా తారీకులు, నిలువుగా పేర్లు, మధ్య వరస మాత్రం గొలుసు ఏ రోజు ఎవరింట్లో ఉందో రాయడానికి. గొలుసు వేసిన రోజుకి పసుపు గడి, బుగ్గ వాచిన రోజుకి ఎరుపు గడి. బుటా గీసేటప్పుడు గడి తప్పితే మగ్గం మీద పువ్వు వంకరపోతుందని ఆ పిల్లకి చిన్నప్పుడే నేర్పారు. ఒక్కో గడీ పెదాలు కదుపుతూ లెక్కపెట్టి నింపింది.

నింపుతూ నింపుతూ ఆగిపోయింది. "మేడమ్, ఇటు రండి. పసుపుకీ ఎరుపుకీ మధ్య గళ్ళు లెక్కెట్టండి."

మెర్సీ వంగి లెక్కపెట్టింది. పదహారు, పదిహేడు, పదిహేడు, పద్దెనిమిది, పదహారు. ఇరవయ్యేళ్ళుగా పుస్తకంలో చదివి చెప్పింది కానీ, రోగం లోపల దాక్కుని ఉండే రోజుల్ని ఇలా గళ్ళలో ఎన్నడూ చూడలేదు. ఆ క్షణం ఆవిడకి భయం లేదు, సిగ్గు లేదు, ఎంత ఆనందం వేసిందో!

"ముందుగా వచ్చింది రాజుగారి శ్యామ్ బాబుకండి. జూలై అయిదు," అంది నాగదుర్గ. "ఆడి మెడలోంచి తీసి వేయించుకున్నోళ్ళకి ఇరవైమూడు, ఇరవైనాలుగు తారీకుల్లో. తరవాత ఆళ్ళలో వెంకటలక్ష్మిగారి పాప మెడలోంచి వేయించుకున్నోళ్ళకి మొన్న ఆగస్టు పన్నెండు నించి. షైనీ గొలుసే వేసుకోలేదండి. వెంకటలక్ష్మిగారి పాప పక్క బెంచీ కదండీ, ఆ పిల్ల దగ్గర్నించే అంటుంటది. గొలుసు వేసుకున్నోళ్ళు పదిహేనుమందండి. పన్నెండుమందికి వచ్చింది. రానోళ్ళు ముగ్గురేనండి, ఆళ్ళు ముగ్గురూ అమలాపురంలో గవదల టీకా రెండు డోసులూ వేయించుకున్నోళ్ళండి."

సర్కారు ఉచితంగా వేసే తట్టు టీకాలో గవదలది కలవదు. అది ప్రైవేటులో విడిగా వేయించుకోవాలి. ఎబినేజర్‌కి మొదటి డోసు పడింది, రెండోది వచ్చే నెల వచ్చే నెల అంటూ మెర్సీ వాయిదా వేసింది.

"ఒక్కటే తేలలేదండి," అంది నాగదుర్గ, కాగితం మధ్యలో ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి. "ఇరవైమూడు నించి ఇరవయ్యారు దాకా గొలుసు ఎవరింట్లో ఉందో తెలీదండి. పెద్దమ్మగారినే అడిగేను. మాటిచ్చేను, చెప్పను అన్నారండి."

మెర్సీ సుద్దముక్కల డబ్బా సర్దుతున్నట్టు తల తిప్పుకుంది.

ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది. కృపావతి చేట పక్కన పెట్టి నోరు నొక్కుకుంది. "చెప్పకే తల్లీ! పాస్టరుగారి చెవిన పడితే ఇంకేవన్నా ఉందా? అయినా నేనేం ఊరికే వేయించేనా? ప్రార్థన చేసి మరీ వేయించేను."

మెర్సీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

*

శుక్రవారం పదింటికి బడి వరండాలో మీటింగు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. కుర్చీలో భవానీదేవి కూర్చుంది. డెబ్భయ్ తొమ్మిదేళ్ళ మనిషి, మెడలో చంద్రహారం ధగధగలాడుతోంది. నా గొలుసు మీద మాటొచ్చిందట, నేనే వింటానని పట్టుబట్టి వచ్చింది. రత్నం మెట్ల కింద, ఎండలో నిలబడింది. కూర్చోమని హెడ్మాస్టరు అన్నాడు కానీ ఎక్కడో చెప్పలేదు.

నాగదుర్గ కాగితం గోడకి అతికించి, భయంభయంగా మొదలుపెట్టి, రెండో వరసకొచ్చేసరికి ధైర్యం తెచ్చుకుంది. జనం మెడలు సాచి చూశారు. తమ పిల్లల పేర్లు ఎదురుగా కనిపిస్తుంటే గుసగుసలు ఆగిపోయాయి.

"అంటే, మా అమ్మ ఊరికి రోగం పంచిందంటారా?" అని లేచాడు ముత్యాలరాజు. మొహం కందగడ్డలా ఉంది. దగ్గరికొచ్చి కాగితం ఎగాదిగా చూశాడు. రొయ్యల చెరువుల్లో నాలుగు డబ్బులు పోగేసుకున్న బుర్ర, చిన్నదేం కాదు. ఖాళీ ఎక్కడుందో చటుక్కున పట్టేశాడు. "ఈ నాలుగ్గళ్ళూ ఏవమ్మా? ఇక్కడ ఎవరి పేరూ లేదే?"

"తెలీలేదండి," అంది నాగదుర్గ.

"నీకు తెలీకపోతే నేను చెప్తాను. ఈ రత్నం దొంగచాటుగా పట్టుకెళ్ళుంటది! మా అమ్మ మెత్తన, కాళ్ళమీద పడితే ఇచ్చేసుంటది. అక్కణ్ణించే ఊరంతా అంటింది. అవునా కాదా అమ్మా?"

రత్నం "అయ్యో, నేనా అండి!" అంది.

భవానీదేవి నోరు తెరిచింది. కళ్ళు ఒక్కసారి మెర్సీ వైపు తిరిగాయి. మళ్ళీ నోరు మూసుకుంది. కన్నకొడుకు పదిమందిలో నిలదీస్తున్నా ఇచ్చిన మాట తప్పలేకపోయింది ఆవిడ.

మెర్సీకి అంతకంటే ఇంకేం కావాలి? లేచింది. నాగదుర్గ చేతిలోంచి పసుపు స్కెచ్ పెన్ను అందుకుంది. జూలై ఇరవైమూడు నించి నాలుగు గళ్ళూ నింపింది. ఎడమపక్క, అన్ని పేర్ల కిందా, 'ఎబినేజర్' అని పెద్దక్షరాలతో రాసింది. జూలై ఆరు దగ్గర ఒక పసుపు గడి. ఇరవైమూడు మీద ఎర్ర గడి.

"మా అబ్బాయి," అంది జనం వైపు తిరిగి. "గొలుసు మా ఇంట్లో ఉంది. నేనే వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను. పాఠం చెప్పే నోటితోనే పెద్దమ్మగారిని ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. వాడికి రెండో టీకా వేయించని తప్పు కూడా నాదే. రత్నం మీద నింద పడిన రోజు నేను అక్కడే ఉండి నోరు మూసుకున్నాను. అది అన్నిటికంటే పెద్ద తప్పు. నన్ను ఏమన్నా అనండి, పడతాను. ఆవిణ్ణి మాత్రం అనకండి."

నాగదుర్గ ఏదో లెక్కేసుకుని, "ఇప్పుడు గొలుసు వేసుకున్నోళ్ళు పదహారుమంది, వచ్చింది పదమూడుమందికండి. మేడమ్‌గారి అబ్బాయికీ పదిహేడు గళ్ళేనండి!" అంది. ఆ పిల్లకి కాగితం పూర్తయిన సంతోషమే తప్ప ఇంకేం పట్టలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో వరండా అంతా కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆడవాళ్ళ వరసలోంచి వెంకటలక్ష్మి లేచింది. రత్నం వంట వల్లే వచ్చిందని మొదట రాజుగారి చెవిలో వేసింది ఈవిడే. "మా ఇంట్లోనేనండి ఎనిమిదిమందీ వేయించుకుంది. అందరూ నన్ను తిడతారని రత్నం మీదికి తోసేసేనండి," అని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

భవానీదేవి చాలాసేపు కాగితం వైపే చూసింది. "మా శ్యామ్ కంటే ముందు ఇంకెవరికీ లేదా అమ్మాయ్?"

"లేదండి పెద్దమ్మగారూ."

"పేటలో?"

"షైనీ ఒక్కదానికేనండి. ఇరవైతొమ్మిదిమంది పిల్లలున్నారండి, ఇంకెవరికీ లేదండి."

ముసలావిడ మెట్ల కిందకి చూసింది. "రత్నం, పదకొండో తారీకున నువ్వొచ్చి అడిగేవు కదే గొలుసు."

"ఆయ్. అడిగేనండి. పేటకి పంపించరని చెప్పేరండి."

"చెప్పింది నేనే." భవానీదేవి చెయ్యి మెడలో గొలుసు మీదికి వెళ్ళింది. "నా వాళ్ళనుకున్న ఇళ్ళన్నిటికీ చేత్తో రోగం ఇచ్చేను. తక్కువ చేసి తలుపేసిన చోట పిల్లలు చల్లగా ఉన్నారు. నేను పుణ్యం చేస్తున్నాననుకున్నానే! దేవుడు నన్ను చెంపమీద కొట్టేడు." మెడలోంచి గొలుసు తీసి కోడలి చేతికిచ్చింది. "కుంకుడు రసంలో వేసి కడుగు. కడిగి పెట్టెలో పెట్టు. ఇంక ఎవరడిగినా టీకా వేయించుకోమని చెప్పు."

హెడ్మాస్టరుకి ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది. బుగ్గ వాచిన పిల్లలు అయిదు రోజులు ఇంట్లోనే ఉండాలనీ, గవదల టీకా గురించి చెప్పడానికి ప్రైమరీ హెల్త్ సెంటరు నించి మనిషిని పంపమని రాయాలనీ తీర్మానం చదివేశాడు. రత్నం సోమవారం నించి వంటకి రావచ్చని కూడా చదివాడు.

"రానండి," అంది రత్నం.

అందరూ తిరిగి చూశారు. ఆవిడ మెట్లెక్కి వరండాలోకి వచ్చింది.

"పిల్లలు కంచాలేసుకు కూర్చుంటే, అందరి ముందూ పొమ్మన్నారండి. మా షైనీ ఆ వరసలోనే ఉందండి. కాయితం మీద రాసుకుంటే రానండి. పొమ్మన్నోరు రమ్మనాలి."

ముత్యాలరాజు తల్లి వైపు చూశాడు. తల్లి కొడుకు వైపు చూడలేదు. గోడ మీది కాగితం వైపు చూశాడు. మొదటి వరసలో, అన్నిటికంటే పైన, కొడుకు పేరుంది. రత్నం వైపు తిరిగాడు.

"రత్నంగారూ," అన్నాడు. "తప్పయిపోయింది. వంటకి రండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మెర్సీ కూడా చిన్నపిల్లలా కొట్టింది, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి.

"ఆయ్," అంది రత్నం. చెంగు నడుముకి దోపి, సోమవారం దాకా ఆగకుండా నేరుగా వంటషెడ్డులోకి నడిచింది. లోపల నాలుగు రోజులుగా హెడ్మాస్టరు పెట్టిన మనిషి నానా తంటాలూ పడుతున్నాడు. ఆవిడ మూత తీసి, మెతుకు నలిపి చూసింది. "ఇంకో రెండు నిమిషాలైతే గంజయిపోయేదండి ఇది, ఏం వండుతున్నారండీ!" అని కసురుకుని, మసిగుడ్డలు అందుకుని గుండిగ ఎత్తింది.

ఇంకా ఏదో చెబుదామని వెనకే వచ్చిన ముత్యాలరాజు గుమ్మంలో నిలబడిపోయాడు. పొగలు కక్కుతున్న గుండిగతో రత్నం ఎదురొచ్చింది.

"తప్పుకోండి రాజుగారూ. గంజి వార్చాలి, కాలుద్ది."

ముత్యాలరాజు గోడకి ఆనుకుని దారిచ్చాడు.